సందు మొగలో నా ఫ్లెక్సీ

విజయవాడలో మామూలు మనిషి మొహం రోడ్డెక్కాలంటే పుట్టినరోజన్నా రావాలి, ఎలక్షన్లన్నా రావాలి, లేదంటే ఆ మనిషన్నా పోవాలి. నాకు ఈ మూడింటిలో ఏదీ జరగలేదు. అయినా నెలల తరబడి పటమటలో మా సందు మొగలో, కరెంటు స్తంభానికీ మందుల షాపు గోడకీ మధ్య, నా మొహం వేలాడింది. పాస్‌పోర్టు ఫోటో కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్న మొహం అది. ఎడమ చెవి వెనక నుంచి ఒక విమానం పైకి లేస్తూ ఉంటుంది. కుడి పక్కన కంట్రోల్ టవర్. ఆ టవర్ చుట్టూ నేలంతా మంచు. ఇంటర్నెట్‌లో ఏ దేశపు బొమ్మ దొరికిందో ఏమో, మా నాన్న అదే తీసుకొచ్చి పెట్టేశారు. బెజవాడ ఎండలో జనం కొబ్బరిబోండాలు తాగుతూ, మంచులో నిలబడిన నన్ను చూస్తూ పోయేవాళ్ళు.

కింద ఎర్రటి పెద్ద అక్షరాలు: "ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా ఎంపికైన మా పటమట ముద్దుబిడ్డకు హృదయపూర్వక శుభాకాంక్షలు." ఇంకా కింద, ఆనవాయితీ ప్రకారం, గుండ్రటి ఫ్రేముల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫోటోలు. టిఫిన్ సెంటర్ ఆంటీ, కిరాణా కొట్టు బాబాయిగారు, మందుల షాపాయన, ఇస్త్రీ బండి తాత, ఇంకా మా సందులో కొట్టున్న ప్రతివాళ్ళూ. ఆ ఫ్లెక్సీలో మంచు సంగతి పక్కన పెడితే అన్నీ నిజాలే, "ఎంపికైన" అన్న ఒక్క మాట తప్ప.

నేను ఎంపిక కాలేదు.

అంత తప్పుడు మాట అంత పెద్ద అక్షరాల్లో ఎలా ఎక్కిందో చెప్పాలంటే మా నాన్న పని గురించి చెప్పాలి. మా నాన్న ఒకప్పుడు బోర్డులు రాసేవారు. బందరు రోడ్డు మీద సగం కొట్ల పేర్లు ఆయన కుంచెతో రాసినవేనని మా అమ్మీ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. సగం కాకపోయినా కొన్ని నిజమే. సాయిబుగారు తెలుగు రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుందని అనేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలన్నీ ఒక డబ్బాలో పడ్డాయి. నాన్న కొన్నాళ్ళు దిగాలుగా కూర్చుని, తర్వాత తన వయసులో సగం కూడా లేని కుర్రాడి దగ్గర కంప్యూటర్ నేర్చుకుని, ఆ ఫ్లెక్సీ షాపే పెట్టారు. శత్రువుతో వియ్యం అందుకున్నానని నవ్వుతారు.

ఈ వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఫలితం వచ్చాక బొమ్మ తయారు చేయడం మొదలుపెడితే పని అందదు. అందుకని ముందే చేసి పెట్టుకుంటారు. ఎలక్షన్ లెక్కింపుకు వారం ముందే ఇద్దరు అభ్యర్థులూ గెలిచినట్టు రెండు ఫ్లెక్సీలు కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. గెలిచినవాడి మనుషులు పరిగెత్తుకుంటూ రాగానే అది మెషీన్ మీదకు ఎక్కిస్తారు, రెండోది తీసేస్తారు. ఇంటర్ ఫలితాలకైనా, పెళ్ళి కుదరడానికైనా ఇదే పద్ధతి. మా నాన్నకు విజయం అనేది ముందే తయారై ఉండే సరుకు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ శుభాకాంక్షలు అచ్చేసి ఇచ్చిన మనిషి. తన పిల్లకు వేసే రోజు ఒక్కటి రావాలని ఎంత కాచుకున్నారో, రాత పరీక్ష లిస్టు వచ్చిన సాయంత్రం తెలిసింది.

విమానం ఎప్పుడు లేవాలో, ఎంత ఎత్తున పోవాలో, ఎప్పుడు దిగాలో కింద నుంచి పైలట్లకు చెప్పేవాళ్ళను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లంటారు. మా సందులో మాత్రం "బెంజి సర్కిల్లో ట్రాఫిక్ పోలీసు లాంటిదేలే, కాకపోతే ఏసీలో కూర్చుని" అని తేల్చేశారు. నేను గన్నవరం దాటాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. కాలేజీ బస్సు రోజూ ఎయిర్‌పోర్టు ముందు నుంచి పోయేది. అందరూ విమానం కనబడితే ఫోన్లు తీసేవాళ్ళు. నాకేమో విమానం మీద అంత మోజు లేదు. ఆ టవర్లో కూర్చున్నవాళ్ళు ఎలా మాట్లాడతారా అని ఉండేది. ఎవరి మీదా అరవకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఒక్కసారి చెబితే అవతలివాడు తిరిగి అదే మాట చెప్పి ఆ పని చేసేస్తాడని మా లెక్చరర్ ఒకాయన చెప్పారు. మా ఇంట్లో అన్నానికి రమ్మని ఒకరిని పిలవాలంటే ఐదుసార్లు అరవాలి. ఒక్కసారి చెబితే సరిపోయే చోటొకటి ఉందంటే నాకు అక్కడే కూర్చోవాలనిపించింది.

ఈ ఉద్యోగానికి ఇరవై ఏడేళ్ళు దాటకూడదు. నేను పరీక్ష రాసినప్పుడు నాకింకా ఒక్క అవకాశం మిగిలి ఉంది. ఈసారి కాకపోతే వచ్చేసారి, అదీ కాకపోతే ఇక లేదు. ఈ లెక్క నాన్నకూ తెలుసు.

రాత పరీక్ష పాసయ్యాను. సర్టిఫికెట్లు చూడటానికీ, గొంతు పరీక్షకీ చెన్నై రమ్మన్నారు. ఆ సంగతి చెబుదామని షాపుకి వెళితే నాన్న అప్పటికే నా ఫోటో నేపథ్యం చెరిపేస్తున్నారు.

"అబ్బా, ఇది రాత పరీక్షే. ఉద్యోగం ఇంకా రాలేదు," అన్నాను. మా ఇంట్లో నాన్నను అబ్బా అనే పిలుస్తాం.

"రాత పరీక్ష కాదా పెద్దది? మిగతావన్నీ ఫార్మాలిటీ కదా బేటా. గొంతు పరీక్షంట! నీ గొంతు ఈ బజారు చివరి దాకా వినపడిద్ది."

"అన్నీ అయ్యాక వేద్దాం."

"అప్పుడు వేస్తే అందరూ వేసినట్టే ఉంటది," అని ఆయన నా చెవి వెనక విమానం అతికించారు. అప్పుడే గట్టిగా వద్దని ఉండాల్సింది. అనలేదు. ఎందుకంటే, నిజం ఒప్పుకోవాలి కదా, ఆ తెర మీద నా మొహం చూసుకుంటే నాకూ బాగానే ఉంది. నేను చెన్నై వెళ్ళేలోపే అది సందు మొగలో ఎక్కింది.

గొంతు పరీక్ష అంటే పెద్ద సంగతేం కాదు. ఒక గదిలో నలుగురు కూర్చుంటారు, ఒక ఇంగ్లీషు పేరా ఇచ్చి చదవమంటారు. నత్తి ఉందా, మాట ముద్దగా వస్తుందా, అక్షరాలు మింగేస్తున్నామా అని వింటారు. నేను చదివాను. మధ్యలో ఒక మాట దగ్గర గొంతు పట్టేసింది. ఆగి, తడారిన గొంతుతోనే "సారీ అండి" అని మళ్ళీ అందుకున్నాను. అక్కడున్న పెద్దాయన ఒకరు నవ్వారు. తెలుగాయనై ఉంటారు, అందుకే నవ్వారనుకున్నాను. అప్పుడు ఆ నవ్వు నాకు ఆశీర్వాదంలా అనిపించింది. తర్వాత అదే నవ్వును నేను ఎన్ని రకాలుగా తిప్పి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు.

లిస్టు మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి నేనొక ట్యుటోరియల్లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఫోన్లో తెరిచి నా నంబరు కొట్టి వెతికాను. ఏమీ లేదని వచ్చింది. తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టాను. వెతకడం మానేసి మొదటి పేజీ నుంచి వేలితో ఒక్కో నంబరూ చూసుకుంటూ వచ్చాను. నా ముందు నంబరు ఉంది. నా తర్వాత నంబరు ఉంది. ఆ రెండింటి మధ్య నేనుండాల్సిన చోట ఏ ఖాళీ లేదు. ఒకదాని కింద ఒకటి చక్కగా పేర్చినట్టున్నాయి. నాకు ఏడుపు రాలేదు. ఇదేంటి, ఇలా ఎలా, అని మాత్రం అనిపించింది.

షాపుకి వెళ్ళాను. మెషీన్ ఎవరివో ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు బరబరా కక్కుతోంది. ఆ చప్పుడులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"రాలేదు."

"ఏంటి?"

"నాకు రాలేదు అబ్బా!"

నాన్న మెషీన్ ఆపేశారు. పని మధ్యలో మెషీన్ ఆపడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత "ఎందుకని?" అని అడిగారు. తెలియదన్నాను. "ఏదో ఒకటి రాసుంటారు కదా?" అన్నారు. ఏమీ రాయలేదన్నాను. ఆయనకు అది అర్థం కాలేదు. బోర్డులో ఒక్క అక్షరం వంకరపోతే వేలు పెట్టి చూపించి మరీ దిద్దించే మనుషుల మధ్య బతికారాయన.

"ఫ్లెక్సీ తీసేస్తాలే," అన్నారు చివరికి.

నాకు అందరి ఫోటోల కోసం ఆయన కొట్టు కొట్టుకూ తిరగడం గుర్తొచ్చింది. ఇస్త్రీ తాతకు ఫోటో లేకపోతే స్వయంగా తల దువ్వి తీశారు. ఇప్పుడు నిచ్చెనేసుకుని అందరూ చూస్తుండగా దాన్ని విప్పడమా? ఏమైందని అడిగిన ప్రతివాడికీ ఆయనే చెప్పాలి కదా. "ఉండనివ్వండి, ఒక్కోసారి రెండో లిస్టు వస్తుందట," అన్నాను. "అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు. నేను చెప్పమనేదాకా చెప్పొద్దు. మాటివ్వండి."

"సరే బేటా," అన్నారు.

రెండో లిస్టు సంగతి నాకే సరిగ్గా తెలియదు. నోటికొచ్చింది అనేశాను.

అక్కడి నుంచి నా బతుకు విచిత్రంగా తయారైంది. రోజూ ట్యుటోరియల్‌కి పోవాలంటే నా మొహం కింద నుంచే పోవాలి. టిఫిన్ సెంటర్ ఆంటీ ఇడ్లీ పొట్లం కడుతూ "ఏమ్మా, ట్రైనింగ్ ఎప్పుడు?" అనేవారు. "లెటర్ రావాలండి," అనేదాన్ని. కిరాణా బాబాయిగారు "విమానాలు ఆపడానికి ఎప్పుడెళ్తన్నావమ్మా?" అని రోజూ అవే మాటలతో, వరస తప్పకుండా అడిగేవారు. "త్వరలోనే బాబాయిగారూ." మందుల షాపాయన తలనొప్పి మాత్ర ఇస్తూ "టెన్షన్ పెట్టుకోకమ్మా, గవర్నమెంటు లెటర్లు లేటవుతాయి," అని నాకు ధైర్యం చెప్పేవారు. ఇస్త్రీ తాత ఒక్కడే ఏమీ అడిగేవాడు కాదు. నన్ను చూడగానే పెట్టెలో బొగ్గులు ఎగదోసుకునేవాడు. చెవుడు వచ్చిందేమో పాపం అనుకున్నాను.

అబద్ధం మొదటిసారే కష్టం. తర్వాత నాలిక దానంతటదే చెబుతుంది. నా అబద్ధానికి వివరాలు కూడా మొలవడం మొదలైంది. ట్రైనింగ్ హైదరాబాద్‌లో అన్నాను. హాస్టల్ ఇస్తారన్నాను. ఒకరోజు చెబుతూ చెబుతూ అక్కడి భోజనం బాగుండదట అని కూడా అన్నాను. ఛీ, ఇదేం పాడుబుద్ధే అని నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

ఇంకోపక్క అసలు ప్రశ్న నన్ను తినేసేది. ఎందుకు రాలేదు? మార్కులు చాలలేదా? గొంతు బాగోలేదా? సర్టిఫికెట్లలో ఏదన్నా తేడా ఉందా? ఏదో తెలిస్తే అది దిద్దుకుని చివరిసారి రాస్తాను. తెలియకపోతే ఏది దిద్దుకోవాలి? ఈమెయిల్ పెట్టాను. ఎంపిక విషయమై ఎటువంటి ఉత్తరప్రత్యుత్తరాలు జరపబడవని జవాబొచ్చింది. ఉత్తరాలు జరపబడవని చెప్పడానికి ఒక ఉత్తరం! చదివి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి.

అమ్మీకి మాత్రం కారణం మొదటిరోజే తెలిసిపోయింది. "నజర్ తగిలింది. ఆడపిల్ల మొహం అంత పెద్దది చేసి నడిరోడ్డు మీద కడితే తగలదూ? మీ అబ్బాకి చెప్పు," అని ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటు రాలేదని, అంటే దిష్టి గట్టిదేనని నిరూపించింది. నాతో కాలేజీలో చదివిన స్నేహితురాలు ఫోన్లో "నీ 'సారీ అండి'యే కొంప ముంచిందే," అంది. విని ఊరుకోవచ్చు కదా, నేను డాబా ఎక్కి ఇంగ్లీషు పేపరు గట్టిగా చదువుతూ ఫోన్లో రికార్డు చేసుకోవడం మొదలుపెట్టాను. విని చూసుకుంటే ఒకరోజు నా గొంతు శుభ్రంగా ఉండేది, ఇంకోరోజు ముక్కుతో మాట్లాడుతున్నట్టుండేది. నెల తిరిగేసరికి నా గొంతు నాకే గుర్తుపట్టరానిదైపోయింది. క్లాసులో న్యూటన్ సూత్రం చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఇప్పుడు నేను అక్షరం మింగానా అని ఆలోచించేదాన్ని. పిల్లలు నోట్సులోంచి తలెత్తి చూసేవాళ్ళు.

నాన్న ఏ కారణమూ చెప్పలేదు. ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం దగ్గర కూరలో ఉప్పు గురించి, మెషీన్ రిపేరు గురించి మాట్లాడుకునేవాళ్ళం. నేను లేచి వెళ్ళబోతుంటే ఒక్కోసారి "బేటా," అని పిలిచేవారు. తిరిగి చూస్తే "ఫ్యాను కట్టేసి పో," అనేవారు.

అలా ఉండగా మళ్ళీ నోటిఫికేషన్ పడింది. నా వయసుకి అదే ఆఖరిది. ఒక నెల గడువిచ్చారు. చూసిన రోజే ఫారం నింపడం మొదలుపెట్టాను. పేరు, పుట్టినతేదీ, చదువు, ఫోటో, సంతకం అన్నీ పెట్టాను. చివర "సమర్పించు" అన్న బటన్ దగ్గర ఆగిపోయాను.

ఆగడానికి పైకి నేను చెప్పుకున్న కారణం, పోయినసారి ఏం తప్పు జరిగిందో తేలకుండా మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జరుగుతుందని. అది సగం నిజం. మిగతా సగం ఆ ఫ్లెక్సీ. సందులో అందరి లెక్కలో నాకు ఉద్యోగం వచ్చేసింది. వచ్చేసిన ఉద్యోగానికి మళ్ళీ పరీక్ష రాయడమేంటి? పుస్తకాలు పట్టుకుని కనబడితే ఏం చెప్పాలి? పరీక్ష రోజు పొద్దున్నే హాల్ టికెట్‌తో ఎక్కడికమ్మా అంటే ఏం చెప్పాలి? అబద్ధం బయటపడితే నన్నేమంటారన్నది సరే, అబద్ధాన్ని అచ్చేసి, అందరి ఫోటోలూ కింద పెట్టి కట్టినవాడు మా నాన్న. ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన సాయిబుగారు ఇదా రాసింది అంటారు కదా. నాకు నిద్రలో కూడా అదే. రోజూ ఫారం తెరిచేదాన్ని, చూసేదాన్ని, మూసేదాన్ని.

నాన్నకు చెప్పలేదు. చెబితే రాయమంటారు, రాస్తే అందరికీ తెలుస్తుంది, తెలిస్తే ఆయన తలదించుకోవాలి. ఇంత తెలివిగా ఆలోచించాననుకున్నాను.

గడువు ఆఖరి రోజు ట్యుటోరియల్లో రెండు క్లాసులు ఎక్కువ అడిగి మరీ తీసుకున్నాను. సాయంత్రం బస్సులో ఫోన్ చేతిలోనే ఉంది. తియ్యలేదు. మర్నాడు పొద్దున లేచాక ఎంతో తేలిగ్గా అనిపించింది. పళ్ళు తోముకుంటూ, పోనీలే, ఇక ఎవరూ నన్ను వద్దనలేరు అనుకున్నాను. ఆ తేలిక మధ్యాహ్నం దాకా కూడా ఉండలేదు.

ఆ మర్నాడు టిఫిన్ సెంటర్ దగ్గర జనం పల్చగా ఉన్నారు. ఆంటీ ఇడ్లీ పొట్లం కట్టి నాకివ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్, ఒక మాట అడగనా? మళ్ళీ పరీక్ష పడిందంటగా, మావాడు ఫోన్లో చూశాడు. కట్టావా?"

అబద్ధం నా కన్నా చురుకైనది. "నాకెందుకండీ? నాకు వచ్చేసింది కదా," అన్నాను నవ్వుతూ.

ఆవిడ పొట్లం బల్ల మీద పెట్టారు. "ఊరుకోమ్మా," అన్నారు మెల్లిగా. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు రాలేదని. ఆరోజే తెలుసు. మీ నాన్నగారే వచ్చి చెప్పారు."

ఆవిడే చెప్పుకుంటూ పోయారు. లిస్టు వచ్చిన ఆ సాయంత్రం, నమాజు అయ్యాక, నాన్న ఒక్కో కొట్టు దగ్గరకీ వచ్చారట. చెప్పులు బయట వదిలి, పరాయివాళ్ళ ఇంటికొచ్చినట్టు నిలబడ్డారట. "మా అమ్మాయికి రాలేదండి. ఫ్లెక్సీ మీద ఉన్నది తప్పు మాట. దాని కింద మీ ఫోటో ఉంది. తెలిసీ మీ ఫోటో ఉంచడం నాకు న్యాయం కాదు. తియ్యమంటే ఇప్పుడే తీసేస్తాను," అన్నారట.

"ఎవ్వరం తియ్యమన్లేదమ్మా," అన్నారు ఆంటీ. "అప్పుడేమన్నారంటే, 'అయితే మీకు తెలిసినట్టు మా పిల్ల దగ్గర బయటపడొద్దు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. మీరు అడగటం మానేస్తే దానికి అర్థమైపోద్ది. ఎప్పట్లాగే అడుగుతా ఉండండి,' అన్నారు. అందుకని అడుగుతా ఉన్నాం. ఇస్త్రీ తాత ఒక్కడే, నావల్ల కాదు, అబద్ధం ఆడలేనన్నాడు."

"అందరికీ తెలుసా?"

"అందరికీనమ్మా. కొత్త పరీక్ష సంగతి మావాడు చెప్పినప్పుడే నిన్ను అడుగుదామనుకున్నా. అడిగితే నాకు తెలుసని నీకు తెలిసిపోద్ది. మీ నాన్నగారికి ఇచ్చిన మాట పోద్ది. నువ్వెట్టాగూ కట్టే ఉంటావులే అని నోరు మూసుకున్నా. ఇయ్యాల ఇక ఉండబట్టలేక... కట్టావుగా?"

ఇడ్లీలు అక్కడే వదిలేసి నడిచాను. సందులో ప్రతి కొట్టూ నన్ను చూస్తున్నట్టే ఉంది. కిరాణా బాబాయిగారు ఎప్పటిలాగే నోరు తెరవబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నాకు కృతజ్ఞత రావాలి కదా, ఇంతమంది నా కోసం ఇన్ని రోజులు నాటకం ఆడినందుకు? రాలేదు. కోపం వచ్చింది. హాస్టల్ భోజనం గురించి నేను చెబుతుంటే తలూపిన వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. మాట తప్పిన నాన్న మీద వచ్చింది. మాట తీసుకున్న నా మీద అంతకన్నా వచ్చింది. ఈ సందుకు తెలియకూడదని కదా నేను ఆ బటన్ నొక్కనిది! ఇన్నాళ్ళూ తెలియనిదల్లా నాకొక్కదానికే. ఎవరిని తిట్టాలో ఆరోజు తెలియలేదు. ఇప్పుడు, అదే ట్యుటోరియల్లో అదే ఫిజిక్స్ చెప్పుకుంటూ, ఇది రాస్తున్నప్పుడు కూడా తెలియడం లేదు.

షాపులో నాన్న ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీకి పేర్లు పేరుస్తున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అబ్బా, మళ్ళీ నోటిఫికేషన్ పడింది."

ఆయన మొహం విప్పారింది. అలా విప్పారడం నేను చూసి చాలా రోజులైంది. "ఎప్పుడు? కడదాం బేటా. మళ్ళీ ఎప్పుడు పడిద్దో నేనే అడుగుదామని, నువ్వేమనుకుంటావో అని..."

"గడువు అయిపోయింది. మొన్నటితో."

"కట్టావా?"

"లేదు."

"ఎందుకని?"

"సందులో అందరికీ తెలిసిపోతుందని. మీకు తలవంపులని."

మౌస్ మీద ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. "వాళ్ళకి తెలుసు," అన్నారు తెర వైపే చూస్తూ.

"తెలుసని ఇప్పుడే తెలిసింది."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. లేచి కుర్చీ నా వైపు జరిపారు. "ఆ సైటు తెరువు."

"మూసేసుంటారు అబ్బా."

"ఒక్కోసారి పొడిగిస్తారు. కాలేజీలవాళ్ళు నా దగ్గర వేయించే ఫ్లెక్సీలు ఎన్ని చూడలేదు? గడువు పొడిగించబడినది, గడువు పొడిగించబడినది, అన్నీ అవే. తెరువు."

తెరిచాను. దరఖాస్తుల స్వీకరణ ముగిసిందని ఇంగ్లీషులో ఒక్క లైను వచ్చింది. నాన్న ఇంగ్లీషు అక్షరాలు అందంగా పేర్చగలరు గానీ చదవలేరు. ఆయన తెర వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తున్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

"నెట్ సరిగ్గా లేదేమో. ఇంకోసారి నొక్కు."

నొక్కాను. అదే లైను. పెళ్ళి ఫ్లెక్సీవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి "సాయిబుగారూ, అయిందాండీ?" అన్నారు. ఆయన వాళ్ళ వైపు తిరక్కుండానే చెయ్యి ఎత్తి ఆగమన్నారు. నా కుర్చీ వెనక పట్టుకుని ముందుకు వంగారు.

"ఇంకొక్కసారి నొక్కు బేటా," అన్నారు.

నొక్కాను.